తప్పించుకోవడం తప్పేనా?

ఈ మధ్య మన ఇళ్లలో బాగా చెలామణీ అవుతున్న ఇంగ్లీషు మాటల్లో ‘ఎస్కేప్’ ఒకటి. బెంగుళూరయినా, చెన్నయినా, బరంపురమయినా, షోలాపూరయినా ఒకటే తీరు. పిల్లవాడు హోంవర్కు చేయకుండా నిద్ర నటిస్తే "ఎస్కేప్ అయ్యాడు" అంటాం. అప్పులవాడు వీధి గుమ్మంలోకి రాగానే పెరటి దారి పట్టిన మనిషీ ఎస్కేపే. పెళ్లింట వడ్డనకు పిలుస్తారని మొదటి బంతిలోనే తినేసి జారుకున్న బావగారూ ఎస్కేపే. నవ్వుతూ అంటాం, నవ్వుతూ వింటాం. అదే సంగతిని "తప్పించుకున్నాడు" అని తెలుగులో చెప్పి చూడండి. నవ్వు సగం తగ్గిపోతుంది. చేయవలసినదేదో చేయలేదన్న నింద ఆ మాట వెంట వస్తుంది. బహుశా ఆ నింద అంటకుండా చెప్పుకోవడానికే మనం ఇంగ్లీషు మాటను అరువు తెచ్చుకున్నామేమో.

ఆ నింద ఎక్కడినుంచి వచ్చింది? అది న్యాయమైనదేనా? బంధంలోనుంచి బయటికి వచ్చిన ప్రతి మనిషీ ఏదో ఒక తప్పు చేసినట్టేనా? పైకి ఇది మాటల ముచ్చటలా కనిపిస్తుంది గాని, కాస్త లోపలికి వెళితే మన బతుకుల్లోని ప్రశ్నే. మాటలతోనే మొదలుపెడదాం.

ఇంగ్లీషు మాట పుట్టుక తమాషాగా ఉంటుంది. లాటిన్‌లో ‘ఎక్స్’ అంటే బయటికి. ‘కప్పా’ అంటే పైన వేసుకునే అంగీ. పట్టుకున్నవాడి చేతిలో అంగీ మిగిల్చి మనిషి ఉడాయించడం అన్నమాట. (‘కప్పా’కు మన ‘కప్పుకోవడం’తో పోలిక కేవలం కాకతాళీయం.) ఆ మాటలో ఒక నిజం ఉన్నది. బయటపడ్డవాడు ఏదో ఒకటి వదులుకునే బయటపడతాడు. అంగీ గాని, ఇల్లు గాని, పేరు గాని, వెనకటి మనుషులు గాని. ఇంగ్లీషు మాట వదులుకున్న వస్తువును చూపిస్తుంది. మన మాట అలా కాదు. అది ఏం చూపిస్తుందో తరవాత చూద్దాం. ముందు దాని చుట్టాలను పలకరిద్దాం.

బంధం వదలడానికి తెలుగులో మాటల కరువు లేదు. విడుదల, విముక్తి, విమోచన, మోక్షం పెద్ద పీటల మీద కూర్చునేవి. బయటపడటం, గట్టెక్కడం, ఒడ్డునపడటం, వదిలించుకోవడం, పీడ విరగడ కావడం ఇంటి గచ్చు మీద కూర్చునేవి. జారుకోవడం, ఉడాయించడం, ఎగవేయడం, మొహం చాటేయడం, పలాయనం చిత్తగించడం పెరటి గోడ దూకేవి. పెద్ద మాటలను కూడా మనం ఊరికే ఉండనివ్వం. తాలూకా ఆఫీసులో మూడేళ్లుగా పడి ఉన్న కాగితాన్ని గురించి "ఆ ఫైలుకు మోక్షం ఎప్పుడు?" అంటాం. జైలునుంచి మనిషికీ విడుదలే, సినిమా హాలులో కొత్త బొమ్మకూ విడుదలే. డబ్బు పోతే "అయిదు వందలు వదిలాయి" అంటాం, దయ్యం వదిలినంత తేలికగా.

ఇరుగుపొరుగు భాషలు విన్న మనకు ఇంకొంచెం ఎక్కువ కనిపిస్తుంది. మన విడుదల తమిళంలో విడుదలై, కన్నడంలో బిడుగడె. ఒక తల్లి పిల్లలే. మరాఠీవాళ్లు బంధం వదలడాన్ని సుటకా అంటారు, బడి సెలవును సుట్టీ అంటారు. ఒడియాలో సెలవుకు ఛుటి. అవన్నీ ‘వదలడం’లోనుంచి వచ్చినవే. మన ‘సెలవు’ మాత్రం అనుమతి. పెద్దలు సెలవిస్తేనే మనకు సెలవు. వాళ్లకు సెలవు అంటే కట్టు విప్పుకోవడం, మనకు సెలవు అంటే కట్టినవాడు సరేననడం. ఈ తేడా చిన్నది కాదు.

ఎందుకంటే ఈ మాటలన్నిటిలోనూ అసలు ప్రశ్న ఒకటే. విడిపించింది ఎవరు? "విడుదలయ్యాడు" అంటే తాళం మరొకరి చేతిలో ఉన్నది, వాళ్లు తీశారు. "బయటపడ్డాడు" అంటే ఎవరు తీశారో తెలియదు, కాలం కలిసివచ్చింది. "తప్పించుకున్నాడు" అంటే తాళం ఎవరూ తీయలేదు, తానే దారి చూసుకున్నాడు. ఒకే సంఘటనకు ఈ మూడింటిలో ఏది వాడతామన్నది వట్టి వ్యాకరణం కాదు, తీర్పు.

ఈ తీర్పు ఎంత బరువైనదో చరిత్రలో చూడవచ్చు. 1948 సెప్టెంబరు 17న హైదరాబాదు సంస్థానంలో నిజాం పాలన ముగిసింది. ఆ రోజును కొందరు విమోచన అన్నారు, కొందరు విలీనం అన్నారు, కొందరు విద్రోహం అన్నారు. 2022లో కేంద్ర ప్రభుత్వం విమోచన దినం జరిపితే, తెలంగాణ ప్రభుత్వం అదే రోజును జాతీయ సమైక్యతా దినంగా జరిపింది. 2024లో అక్కడి కొత్త ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అన్నది. అదే సంస్థానంలో భాగమైన మరాఠ్వాడాలో అది ముక్తి సంగ్రామ దినం. యానాం పాఠకులకు ఈ చిక్కు మరో విధంగా తెలుసు. అక్కడ ఫ్రెంచి పాలన 1954లో ఆచరణలో ముగిసింది. చట్టరీత్యా బదిలీ జరిగింది 1962 ఆగస్టు 16న. మనుషులు విడుదలయిన ఎనిమిదేళ్లకు కాగితం విడుదలయింది. ఏ రోజును ఏ పేరుతో పిలిచినా, ఆ పేరు "విడిపించింది ఎవరు, ఎవరి నుంచి?" అనే ప్రశ్నకు సమాధానమే. అందుకే జనం పేరు మీద అంతగా పట్టుబట్టారు.

ఇక మన మాట దగ్గరికి వద్దాం. ‘తప్పు’. ఇది తెలుగులో పని చేసినంతగా మరే మాటా పని చేయదేమో. దారి తప్పాడు. మాట తప్పాడు. గురి తప్పింది. పరీక్ష తప్పాడు. సంతలో పిల్లవాడు తప్పిపోయాడు. కోడలు నెల తప్పింది. గండం తప్పింది. పక్కకు తప్పుకో. పదవినుంచి తప్పించారు. తప్పకుండా రండి. వెళ్లక తప్పదు. తప్పనిసరి. దోషానికీ తప్పే, ప్రాణం దక్కడానికీ తప్పే, విధిగా చేయవలసినదానికీ తప్పే. ఇది తెలుగుకొక్కదానికే కాదు. తమిళంలో దోషం తప్పు, పారిపోవడం తప్పి ఓడడం. కన్నడంలో దోషం తప్పు, పారిపోవడం తప్పిసికొళ్ళడం. రెండు భాషలలోనూ ‘తప్పకుండా’కు అదే ధాతువు. మూడు భాషల జనం దోషాన్నీ, ప్రాణరక్షణనూ, కర్తవ్యాన్నీ ఒకే కొయ్యకు కట్టారు.

దీన్ని చూసి మన పూర్వులు తప్పించుకోవడాన్ని పాపమనుకున్నారని తీర్మానించవచ్చు. నాకు మాత్రం అలా తోచదు. పై మాటలన్నీ మరోసారి చదవండి. వాటిలో ఉమ్మడిగా ఉన్నది దోషం కాదు. ఒక గీత. బాణం వెళ్లవలసిన గీతనుంచి పక్కకు పోతే గురి తప్పింది. అడుగు పడవలసిన చోట పడకపోతే దారి తప్పింది. మీద పడవలసిన ఆపద పక్కనుంచి పోతే గండం తప్పింది. ‘తప్పు’ అంటే అసలు అర్థం గీతనుంచి పక్కకు జరగడం, అంతే. ఆ జరగడం మంచిదా చెడ్డదా అన్నది మాటలో లేదు. గీతలో ఉన్నది.

అందుచేత తప్పించుకున్నవాడిని గురించి మనం అడగవలసిన మొదటి ప్రశ్న, "ఎందుకు పారిపోయాడు?" అని కాదు. "ఆ గీత ఎవరు గీశారు?" అని.

క్రీస్తుకు పూర్వం 399లో ఏథెన్సు జైలులో సోక్రటీసు మరణశిక్షకు ఎదురుచూస్తున్నాడు. తెల్లవారకముందే మిత్రుడు క్రిటో వచ్చాడు. డబ్బు సిద్ధంగా ఉన్నది, కావలివాడు అడ్డుపడడు, థెస్సలీలో ఆశ్రయమిచ్చేవాళ్లున్నారు, లేచి రమ్మన్నాడు. సోక్రటీసు రాలేదు. ఆయన వాదం ఇది. డెబ్బయి ఏళ్లు ఈ ఊరి చట్టాల నీడలో బతికాను. నచ్చకపోతే ఎప్పుడో వెళ్లిపోవచ్చు, ఎవరూ ఆపలేదు. వెళ్లకపోవడమే నా ఒప్పుదల. ఇప్పుడు నాకు వ్యతిరేకంగా తీర్పు వచ్చిందని గోడ దూకితే, నేను ఒప్పుకున్న మాటను నేనే కాదన్నట్టు. ఆ తీర్పు అన్యాయమని ఆయనకు తెలుసు. అయినా గీత తాను కూడా పట్టుకుని గీసినదే అనుకున్నాడు. కనుక ఆయన విషయంలో తప్పించుకోవడం తప్పే అయ్యేది. ఇతరులు అన్నందుకు కాదు, ఆయన ఒప్పుకున్నందుకు.

దీనికి పూర్తిగా ఎదురు కథ ఒకటున్నది. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో నల్లవారిని బానిసలుగా ఉంచుకున్న రోజులవి. పారిపోయిన బానిసను చట్టం దొంగగా చూసేది. దొంగిలించినది ఏమిటయ్యా అంటే, తన శరీరాన్నే! అది యజమాని ఆస్తి గనక. 1851లో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే వైద్యుడు ఇంకో మెట్టు ఎక్కాడు. బానిసలు పారిపోవడం ఒక మానసిక రోగమని, దానికి డ్రాపెటోమేనియా అని పేరు పెట్టి వ్యాసం రాశాడు. సంకెల ఆరోగ్యం, సంకెల తెంచుకోవాలనుకోవడం జబ్బు! ఇక్కడ గీత గీసినవాడు యజమాని. గీతకు అటు ఉన్నవాడిని ఎవరూ అడగలేదు. అతను ఒప్పుకోలేదు, ఒప్పుకోనని చెప్పడానికి వీలూ లేదు. అలాంటి గీత దాటడాన్ని తప్పు అంటే, ఆ మాటలో ఉన్న తప్పు అన్నవాడిదే.

మన సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. తమిళనాడులో స్థిరపడ్డ కంబళత్తు నాయకులలో ఒక కథ తరతరాలుగా ఉన్నది. 1909లో అచ్చయిన థర్‌స్టన్ గ్రంథంలో కూడా అది నమోదయింది. ఉత్తరాన ఒక పాలకుడు తమ పిల్లను ఇమ్మని బలవంతం చేస్తే రాత్రికి రాత్రి బయలుదేరారట. వెనక సైన్యం, ముందు పొంగిన ఏరు. రెండు గట్ల మీది కానుగ చెట్లు వంగి వంతెన కట్టి దాటించాయట. ఇది చరిత్రా, కథా అన్నది అలా ఉంచండి. అందులో ఎవరూ పారిపోవడాన్ని తప్పు అనలేదు. చెట్టు కూడా వాళ్ల పక్షమే వహించింది. రాష్ట్రం బయట ఉన్న మనలో ఎందరి పూర్వులు పొలం కోసం వచ్చారో, కొలువు కోసం వచ్చారో, కరువు తప్పించుకుని వచ్చారో గాని, పారిపోవడాన్ని ఒక వంశ గౌరవంగా చెప్పుకున్న జనం మనలో ఉన్నారు. అయితే ఆ కథ ఒక సంగతి చెప్పదు. ఏరు దాటలేక గట్టు మీదే ఉండిపోయిన ముసలివాళ్లు, జబ్బువాళ్లు ఏమయ్యారు?

ఇది రెండో ప్రశ్నకు దారి తీస్తుంది. నేను దించుకున్న బరువు ఎవరి తల మీద పడింది?

ఇంట్లో ఇది రోజూ కనిపించేదే. నలుగురు అన్నదమ్ములలో ముగ్గురు దూరాన ఉద్యోగాలు చూసుకుని వెళ్లారు. మంచాన పడ్డ తండ్రిని చూసుకునే పని ఊళ్లో ఉన్న నాలుగోవాడి భార్య మీద పడింది. ఆ ముగ్గురినీ ఎవరూ దొంగలనరు. పండగకు వస్తారు, పండ్లు తెస్తారు, ఫోనులో మందుల పేర్లు అడుగుతారు. కాని వాళ్లు తప్పించుకున్నారన్న మాట ఆ కోడలికి తెలుసు. ఇక్కడ గీత దుర్మార్గుడు గీసినది కాదు. తిని పెరిగిన ఇంటి గీత. పైగా బరువు మాయం కాలేదు, చేతులు మారింది. అలాంటి చోట "ఎస్కేప్ అయ్యాడు" అని నవ్వేసినంత మాత్రాన తప్పు చెరిగిపోదు. అప్పు ఎగవేసినవాడి సంగతీ ఇదే. అతని అప్పు గాలిలో కలిసిపోదు. హామీ సంతకం చేసినవాడి గుమ్మం ముందుకు వస్తుంది.

అయితే ఈ రెండో ప్రశ్నను ఒంటరిగా అడగకూడదు. అడిగితే దుర్మార్గుడి చేతికి కర్ర ఇచ్చినట్టే. ఒక ఆడపిల్ల రోజూ దెబ్బలు తింటున్న ఇంటినుంచి బయటికి వచ్చిందనుకోండి. బంధువులు వెంటనే బరువు లెక్క తీస్తారు. నీ వల్ల చెల్లెలి పెళ్లి ఆగిపోతుంది, నాన్న తల ఎత్తుకోలేడు, అమ్మ మంచం పడుతుంది. ఆ లెక్క అబద్ధమూ కాదు. కొన్ని ఇళ్లలో అక్క పుట్టింటికి వచ్చిందని చెల్లెలి సంబంధం తప్పిపోయిన మాట నిజమే. కాని ఆ బరువు చెల్లెలి మీద వేసింది అక్క కాదు. సంబంధం వద్దన్నవాళ్లు వేశారు, మొదటి దెబ్బ కొట్టినవాడు వేశాడు. అందుకే ప్రశ్నల వరస ముఖ్యం. ముందు గీత, తరవాత బరువు. గీతే అన్యాయమైతే, దాన్ని దాటినందువల్ల పడ్డ బరువు గీసినవాడి ఖాతాలో రాయాలి.

ఆ పిల్లను గురించి మనం వాడే క్రియలు చూడండి. "కాపురం వదిలేసి వచ్చింది" అన్నవాళ్లు ఒక తీర్పు చెప్పారు. "గడప దాటింది" అన్నవాళ్లు ఇంకా కఠినమైన తీర్పు చెప్పారు. "బయటపడింది" అన్న మనిషి మరో తీర్పు చెప్పింది. 2005లో గృహహింస నుంచి మహిళలకు రక్షణ చట్టం వచ్చింది. చట్టం ఒక కాగితం. ఆ పిల్ల రాత్రి పది గంటలకు తలుపు తట్టినప్పుడు, తీసినవాళ్లు ఏ క్రియ వాడతారో దాన్ని బట్టే ఆమె లోపలికి వస్తుందో, వెనక్కి వెళుతుందో తేలుతుంది.

చట్టం ఒక మాటను సరిదిద్దిన సందర్భం కూడా ఒకటున్నది. పల్లెల్లో అప్పు కింద జీతానికి కుదిరిన మనిషి పారిపోతే, "బాకీ ఎగవేసి పోయాడు" అనేవారు. తండ్రి చేసిన అప్పుకు కొడుకు, అన్న పోతే తమ్ముడు జీతానికి నిలవవలసి వచ్చేది. ఎంత చేసినా అప్పు తీరేది కాదు. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. అది మనిషిని వదలమని మాత్రమే చెప్పి ఊరుకోలేదు. అలాంటి అప్పు అసలు లేనట్టే అన్నది. ఈ రెండో మాటే ముఖ్యం. అప్పు ఉండగా మనిషి వెళితే అతను ఎగవేసినవాడే. అప్పే రద్దయితే అతను విడుదలయినవాడు. మనిషి ఒకడే, కాళ్లు అవే, దారి అదే. మారింది గీత. పైగా అప్పు రద్దు కావడం వల్ల తమ్ముడు కూడా బయటపడ్డాడు. తప్పించుకోవడానికీ విడుదలకూ ఉన్న అసలు తేడా ఇదే అనుకుంటాను. తప్పించుకుంటే ఒక మనిషి బయటికి వస్తాడు, ఉచ్చు అక్కడే ఉంటుంది. విడుదల నిజమైనదయితే ఉచ్చే తెగుతుంది.

సుందరకాండలో సీత చెప్పినది ఈ దృష్టితో చూస్తే కొత్తగా వినిపిస్తుంది. హనుమంతుడు తన వీపు మీద కూర్చోమన్నాడు, సముద్రం దాటిస్తానన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. వాల్మీకి ఆమె నోట చాలా కారణాలు పలికించాడు. దారిలో పడిపోతానేమో, రాక్షసులు వెంటపడతారేమో, పరపురుషుణ్ణి తాకను, రాముడే వచ్చి రావణుణ్ణి గెలిచి తీసుకువెళ్లడం ఆయనకు తగినది. పాతివ్రత్యం గురించిన కారణాన్నే మన పెద్దలు ఎక్కువగా చెబుతూ వచ్చారు. నాకు చివరిదే పెద్దదిగా తోస్తుంది. ఆమె ఆ రాత్రి వెళ్లిపోయి ఉంటే సీత దక్కేది, లంకలో రావణుడు రావణుడుగానే మిగిలేవాడు. ఆ గీత ఆమె ఒప్పుకున్నది కాదు గనక, ఆమె వెళ్లిపోయినా తప్పు పట్టేవారు లేరు. అయినా ఆమె తప్పించుకోవడం చాలదనుకున్నది. సోక్రటీసు రానన్నదీ సీత రానన్నదీ పైకి ఒకలాగే కనిపిస్తాయి. ఆయన గీతను గౌరవించి ఆగాడు. ఆమె గీత చెరిగిపోవాలని ఆగింది.

అందరూ సీతలాగా ఆగాలని దీని అర్థం కాదు. ఆమెకు రాముడు వస్తాడన్న నమ్మకం ఉన్నది. ఎవరూ రారని తెలిసినవాడు ఏం చేయాలి? అతను తప్పించుకోవలసిందే. తప్పించుకున్నాక ఏం చేశాడన్నదే అప్పుడు మిగిలే ప్రశ్న.

మళ్లీ ఆ అమెరికా బానిసల దగ్గరికే వెళదాం. ఫ్రెడరిక్ డగ్లస్ 1838 సెప్టెంబరు 3న బాల్టిమోరునుంచి పారిపోయాడు. నావికుడి వేషం వేసి, ఒక స్వతంత్ర నల్ల నావికుడి కాగితాలు అరువు తీసుకుని రైలెక్కాడు. ఒక్క రోజు తిరగకముందే న్యూయార్కు చేరాడు. 1845లో తన జీవితకథ అచ్చు వేశాడు. అందులో అన్నీ చెప్పాడు, ఎలా పారిపోయాడో తప్ప. అది పాఠకులు అన్నిటికన్నా ఎక్కువగా తెలుసుకోవాలనుకునే ఘట్టం. కాని చెబితే సాయం చేసినవాళ్లు చిక్కుల్లో పడతారు, ఆ దారిన రావలసినవాళ్లకు దారి మూసుకుపోతుంది. ఆ వివరం ఆయన పూర్తిగా రాసింది 1881లో. అప్పటికి బానిసత్వం రద్దయి పదిహేనేళ్లు దాటింది. 1849లో హెన్రీ బ్రౌన్ అనే అతను తనను తాను ఒక చెక్కపెట్టెలో పార్సెలు చేయించుకుని రిచ్‌మండునుంచి ఫిలడెల్ఫియా చేరాడు. ఆ వింత దేశమంతా మారుమోగింది. తరవాత అదే పద్ధతిలో మరికొందరిని పంపబోయిన సహాయకుడు పట్టుబడ్డాడు. ఆ ప్రచారమే జరగకపోతే ఇంకెందరో పెట్టెల్లో బయటపడేవారని డగ్లస్ తరవాత నొచ్చుకున్నాడు.

ఇంకో మాట. డగ్లస్ పారిపోయినా చట్టం ప్రకారం బానిసే. 1846లో ఇంగ్లండు మిత్రులు చందాలు పోగుచేసి, నూటయాభై పౌండ్లు యజమానికి చెల్లించి ఆయన విడుదల కాగితం కొన్నారు. దీన్ని సొంత పక్షంవాళ్లలోనే కొందరు తప్పుపట్టారు. డబ్బు ఇస్తే, అమ్మే హక్కు వాడికున్నదని ఒప్పుకున్నట్టు కాదా అన్నారు. ఆ విమర్శ తేలికగా తోసివేయదగినది కాదు. కాని ఆ కాగితం లేకపోతే ఆయన ఏ రోజయినా పట్టుబడవచ్చు. దానితో ఆయన తిరిగి వచ్చి బాహాటంగా పని చేయగలిగాడు. రోచెస్టరులోని ఆయన ఇల్లు కెనడాకు పారిపోయేవారికి మజిలీ అయింది. హ్యారియట్ టబ్మన్ అయితే 1849లో తాను బయటపడి, మళ్లీ మళ్లీ అదే నరకంలోకి వెళ్లింది. దాదాపు పదమూడు సార్లు వెళ్లి డెబ్బయిమంది దాకా తెచ్చింది.

తెలుగు వ్యాకరణం ఇక్కడ మనకు ఒక సాయం చేస్తుంది. ‘తప్పించుకొను’లో చివరిది ‘కొను’. తన కోసం చేసుకోవడం అని దాని అర్థం. వండడం వేరు, వండుకోవడం వేరు. చూడటం వేరు, చూసుకోవడం వేరు. ఆ ‘కొను’ తీసేస్తే మిగిలేది ‘తప్పించు’. ఆపదనుంచి ఇంకొకరిని తప్పించడం. టబ్మన్ తప్పించుకున్నది ఒకసారి, తప్పించినది పదమూడు సార్లు. ‘కొను’ ఉండటం తప్పు కాదు. నీళ్లలో మునుగుతున్నవాడు ముందు తాను ఒడ్డుకు రావాలి. రాగానే ఆ ‘కొను’ను పట్టుకుని కూర్చోవడమే పేచీ.

భాషాల్పసంఖ్యాకులుగా మనకు ఈ విచారం పనికివచ్చే చోటు ఒకటి చెప్పి ముగిస్తాను. 2006లో తమిళనాడు ప్రభుత్వం తమిళ అభ్యాస చట్టం చేసింది. బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. తెలుగు, కన్నడం, ఉర్దూ మాతృభాషగా చదివే పిల్లలకు పదో తరగతిలో తమిళ పత్రంనుంచి మినహాయింపు కావాలని కొందరు న్యాయస్థానాలకు వెళ్లారు. కొన్ని విద్యాసంవత్సరాలకు మినహాయింపు దొరికింది కూడా. ఇది తప్పించుకోవడమా, హక్కా? అడిగినవాళ్లను "తమిళం ఎగవేస్తున్నారు" అన్నవాళ్లున్నారు. మన రెండు ప్రశ్నలూ వేసి చూద్దాం. గీత ఎవరు గీశారు? మనతో మాట్లాడకుండా గీసిన మేరకు దాన్ని ప్రశ్నించే హక్కు మనకున్నది. మాతృభాష నేర్చుకోవడం ఎవరి దయా కాదు. ఇక బరువు ఎవరి మీద పడింది? ఇక్కడ మనం నిజాయితీగా ఉండాలి. ఉంటున్న ఊరి భాష రాకుండా పిల్లను పెంచితే, రేపు ఆసుపత్రిలో, బస్టాండులో, ఉద్యోగపు ఇంటర్వ్యూలో ఆ బరువు మోసేది ఆ పిల్లే. మినహాయింపు గెలిచిన పెద్దలు కాదు. పైగా మినహాయింపు పొంది, ఇంట్లో తెలుగు పుస్తకం ఒక్కటి కూడా తెరవకపోతే, అప్పుడు అది హక్కు కాదు, రెండు భాషలనూ తప్పించుకోవడం. అడిగిన మినహాయింపుకు అర్థం వచ్చేది ఆ ఖాళీలో మనం ఏం నింపామన్నదాన్ని బట్టే.

"ఎస్కేప్" అనే మాట మీద నాకు కోపం లేదు. వడ్డన తప్పించుకున్న బావగారిని ఆ మాటతోనే ఆటపట్టిద్దాం. కాని ఒక మనిషి నిజంగా ఒక బంధంలోనుంచి బయటికి వచ్చి మన ఎదుట నిలబడినప్పుడు, కొంచెం ఆగి మాట వెతుకుదాం. ఎగవేసినవాడిని ఎగవేశాడనే అందాం, అరువు మాటతో వెనకేసుకు రావద్దు. బయటపడ్డ మనిషిని మాత్రం బయటపడింది అందాం. ఆమె చేయని తప్పును క్రియలో చేర్చి ఆమె నెత్తిన పెట్టవద్దు.